ఆరూ నిప్పులైతే ఒక్క బిందె నీళ్లు చాలు

పాళీ అయినంక

పోయిన నెల మార్కండేయ గుడి మెట్ల దగ్గర ఒక చెల్లెలు నన్ను ఆపింది. "అన్నా, పత్రికల నువ్వు ఊరందరి సంగతులు రాస్తవ్. మా పోరగాండ్లు అర్ధరాత్రి దాకా ఫోన్ల ఏం ఆడుతున్నరో అది సుత జర రాయరాదే" అంది. ఆమె కొడుకూ మా మనవడూ ఒకే బడిలో చదివినవాళ్లు. సరే చెల్లే, ఈ నెల నీ మాటే.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మా గల్లీలో సాంచాల మీద పనిచేసే పిల్లగాడొకడు ఫోన్లో రమ్మీ ఆడి రెండు నెలల పగారు పోగొట్టుకున్నాడు. తల్లి బీడీలు చుట్టి దాచుకున్న పైసలు కూడా దాంట్లోకే పోయాయి. అప్పటినుంచి ఎవరి చేతిలో ఫోన్ వెలిగినా మాకు గుండె దడే. 2025 ఆగస్టులో కేంద్రం పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది, నిజమే. కానీ చట్టం ఢిల్లీలో ఉంటుంది, ఫోన్ చాదర్ కింద ఉంటుంది.

ఒక రాత్రి పదకొండు దాటాక మనవడి చాదర్ కింద వెలుగు కనిపించింది. ఫోన్ లాక్కున్నాను. తెర మీద ఏదో జంతువు, దాని పక్కన అంకెలు. "రమ్మీ కాకపోతే దాని తమ్ముడు" అని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడికి పదహారేళ్లు. పదో తరగతి పరీక్షలు రాసి ఫలితం కోసం చూస్తున్నాడు. ఎదురు మాట్లాడలేదు. తెల్లారి నేను చాయ్ తాగుతుంటే పక్కన వచ్చి కూర్చున్నాడు.

"తాతా, ఒక్కసారి కూసోని చూడు. అందుల పైస కనవడితే ఫోన్ నువ్వే పెట్టుకో."

ఆదివారం కూర్చున్నాను. ముప్పై ఏళ్లు జాబర్ పని చేసినవాణ్ని, ఏ యంత్రమైనా విప్పి చూస్తే గానీ నాకు అర్థం కాదు. ఈ ఆటనూ అట్లాగే విప్పించుకున్నాను.

ఆట పేరు పోకెమాన్. టీవీలో కార్టూన్‌గా మనందరి ఇండ్లల్లోకీ వచ్చిందే. పచ్చటి పికాచూను చూడని పిల్లలు లేరు. మొదటి ఆట 1996లో జపాన్‌లో వచ్చింది. దాన్ని తయారుచేసిన సతోషి తాజిరికి చిన్నప్పుడు పురుగులు పట్టి పోగేసే అలవాటట. ఆ సరదాలోంచే ఈ ఆట పుట్టింది. ఇప్పుడు అందులో వెయ్యికి పైగా రకరకాల జీవులున్నాయి. మా వాడు ఆడేది షోడౌన్ అనే చోట. అది అసలు కంపెనీది కాదు, ఆట మీద ఇష్టమున్నవాళ్లు నడిపేది. మామూలు ఫోన్లో కూడా తెరుచుకుంటుంది. పైసా అడగదు. జీవులను పట్టుకోవడానికి నెలలు తిరగనక్కరలేదు, కావలసిన ఆరింటిని ఎంచుకుని అప్పటికప్పుడు జట్టు కట్టుకోవచ్చు. ఎదుట ఏ దేశంవాడో ఒకడు వస్తాడు. గెలిస్తే మార్కు పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. కొత్తవాడికి 1000తో మొదలు. అంతే. నేను ఎంత వెతికినా పైసల గల్ల కనిపించలేదు.

ఆట నడిచే తీరు ఇది. ఇద్దరికీ ఆరేసి జీవులు. ఎదురెదురుగా ఒక్కొక్కటి నిలబడతాయి. ఒక్కోదానికి నాలుగే విద్యలు. ఒక్కో వంతులో నీ జీవి చేత ఒక విద్య వేయించవచ్చు, లేదా దాన్ని వెనక్కి పిలిచి ఇంకోదాన్ని పంపవచ్చు. ఎవరి ఆరూ ముందు పడిపోతే వాళ్లు ఓడినట్టు.

ఇక అసలు కిటుకు రకాల్లో ఉంది. మొత్తం 18 రకాలు. నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు గడ్డిని కాలుస్తుంది, గడ్డి నీటిని తాగుతుంది. ఇవి చిన్నపిల్లలకూ తెలుస్తాయి. ఆ పైన కరెంటు, నేల, రాయి, మంచు, ఉక్కు, దయ్యం, డ్రాగన్, ఇట్లా పెద్ద చిట్టా. గిట్టని రకం తగిలితే దెబ్బ రెండింతలు, తట్టుకునే రకమైతే సగం. కొన్నిటికి కొన్ని అసలు తగలవు. నేల రకానికి కరెంటు దెబ్బ సున్నా, మన ఇంట్లో ఎర్తింగ్ లాగా. ఎగిరేదానికి నేల దెబ్బ సున్నా. ఒక జీవికి రెండు రకాలుండి, రెండింటికీ గిట్టనిది తగిలితే నాలుగింతలు. ఈ లెక్క కాగితం మీద రాసుకోవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. మా వాడికి నోటికి వచ్చు. ఎక్కాలు రావని బడిలో తిట్లు తిన్నవాడు వీడేనా అనిపించింది.

"ఇప్పుడు నువ్వే ఒక జట్టు కట్టు తాతా" అన్నాడు.

నేను కట్టాను. చూడటానికి బలంగా ఉన్నవాటిని ఏరుకున్నాను. చారిజార్డ్, రెక్కలున్న నిప్పుల బల్లి. దాని వెనక ఆర్కనైన్, నైన్‌టేల్స్, టైఫ్లోజన్, మాగ్మార్టర్, బ్లేజికెన్. ఆరూ నిప్పు కక్కేవే. ఒక్కొక్కటి ఒక్కో పులి అనుకున్నాను. పాయింట్లు పంచమన్నాడు. ఒక్కో జీవికి 510 పాయింట్లు ఇస్తారు. బలం, ఓర్పు, వేగం లాంటి ఆరు గుణాల మీద వాటిని మనమే పెట్టాలి, ఒక్క గుణం మీద 252 మించకూడదు. నేను ఇంటి పెద్దను కదా, ఎవరికీ అన్యాయం కావద్దని ఆరింటికీ సమానంగా 85 చొప్పున పంచాను.

వాడు నవ్వి "ఇది పండుగ బూందీ కాదు తాతా పంచనీకి" అన్నాడు.

ఆట మొదలైంది. వాడు స్వాంపర్ట్ అనే ఒకదాన్ని దింపాడు. బురదలో ఉండేది, చూస్తే కప్పకు చుట్టంలా ఉంటుంది. నా పులులు నలుగురు దాని నీళ్లకే పడిపోయారు. అది అలిసి పడ్డాక వచ్చిన రెండోది మిగతా ఇద్దరినీ ముగించింది. వాడి నలుగురు బయటికే రాలేదు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

"ఆరూ నిప్పులైతే ఒక్క బిందె నీళ్లు చాలు తాతా. నీ జట్టుల బలం లేక కాదు. అందరి భయం ఒక్కటే, గదే లోపం."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఎక్కడో తర్వాత చెప్తాను. ముందు వాడు జట్టు కట్టే పద్ధతి చెప్పాలి. ఇండ్లల్లో పిల్లలుంటే వాళ్లకు చదివి వినిపించండి, తప్పుంటే వాళ్లే దిద్దుతారు.

మొదట ఒకదాన్ని ఎంచుకో అంటాడు, ఆట గెలిపించేదాన్ని. మా వాడిది గ్యారడాస్. నీరూ రెక్కా కలిసిన పెద్ద పాము. దానికి ఒక నాట్యం వచ్చు. ఆ నాట్యం ఒకసారి వేస్తే దాని దెబ్బ బలమూ పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. రెండుసార్లు వేసే సందు దొరికితే ఎదుటివాడి పని అయిపోయినట్టే.

రెండోది, దాని భయం ఏమిటో రాసుకో. గ్యారడాస్‌కు కరెంటు అంటే నాలుగింతలు, రాయి అంటే రెండింతలు. మిగతావాటికి అది అదరదు.

మూడోది, ఆ భయాలు లేనిదాన్ని పక్కన పెట్టు. గార్చాంప్ వచ్చింది. డ్రాగనూ నేలా కలిసింది. నేల కాబట్టి కరెంటు సున్నా, రాయి దెబ్బ సగం. గ్యారడాస్ రెండు భయాలూ దీనితోనే తీరాయి. కానీ దీనికీ భయాలున్నాయి. మంచు నాలుగింతలు, డ్రాగన్, ఫెయిరీ రెండింతలు.

నాలుగోది, మళ్లీ అదే ప్రశ్న. ఆ మూడింటినీ తట్టుకునేది ఎవరు? హీట్రాన్. నిప్పూ ఉక్కూ కలిసింది. మంచు, ఫెయిరీ దెబ్బలు దానికి నాలుగోవంతే, డ్రాగన్ సగం. మరి హీట్రాన్ భయం? నేల నాలుగింతలు, నీరు, కుస్తీ రెండింతలు.

ఇక్కడ వాడు ఆగి నా మొహం చూశాడు. "ఆ మూడు ఎవరికి తక్కువ తగుల్తయో చెప్పు తాతా."

కాగితం చూసుకున్నాను. నేల దెబ్బ రెక్కలున్నదానికి తగలదు. నీరు నీటికి సగం. కుస్తీ రెక్కలకు సగం. గ్యారడాస్! మొదటిదే మళ్లీ వచ్చింది. ఒకటి రెండోదాన్ని కాస్తుంది, రెండోది మూడోదాన్ని కాదు, మూడోది రెండోదాన్ని, రెండోది ఒకటోదాన్ని, ఒకటోది తిరిగి మూడోదాన్ని. గుండ్రంగా వచ్చి ముడి పడింది. పడుగు అతుకు సరిగ్గా పడ్డప్పుడు చేతికి తెలుస్తుంది చూడండి, అట్లా అనిపించింది.

ఇది కాగితం మీది ముచ్చట కాదు, ఆటలో పనికొచ్చేది. ఎదుటివాడు నా గ్యారడాస్‌ను చూసి కరెంటు వేస్తాడని నాకు ముందే అర్థమైతే, ఆ వంతులోనే దాన్ని వెనక్కి పిలిచి గార్చాంప్‌ను దింపుతాను. పిలుపు ముందు జరుగుతుంది, దెబ్బ తర్వాత పడుతుంది. వాడి కరెంటు నేలలోకి పోతుంది. వాడి వంతు వృథా, నా వంతు మిగులు. బలమైన జీవులుండి కూడా ఇట్లా మార్చుకోవడానికి ఎవరూ లేని జట్టు నిలబడి దెబ్బలు తినాల్సిందే.

మిగతా ముగ్గురినీ దెబ్బ కోసం కాదు, పని కోసం తీసుకోవాలట. ఆటలో ఒక విద్య ఉంది, ఎదుటివాడి నేల మీద పదునైన రాళ్లు పరిచేది. ఆ తర్వాత వాడి వైపు దిగే ప్రతి జీవికీ దిగగానే దెబ్బ. రాయి గిట్టనివాటికి ఇంకా ఎక్కువ. నేను ముచ్చటపడ్డ చారిజార్డ్ నిప్పూ రెక్కా కలిసింది కదా, రెండింటికీ రాయి పడదు. అది రాళ్ల మీద అడుగు పెట్టగానే సగం ప్రాణం పోతుంది. ఇంకా యుద్ధం మొదలే కాలేదు! మా గ్యారడాస్‌కు పావు ప్రాణం. కాబట్టి రాళ్లు ఊడ్చేవాడొకడు కావాలి. ఫోర్రెట్రెస్ అని ఉంది, ఉక్కు గుల్లలో దాక్కున్న పురుగు. గిర్రున తిరిగి తన వైపు రాళ్లు ఊడ్చేస్తుంది. ఊడ్చేవాళ్లకు ఎక్కడా పేరు రాదు, వాళ్లు రానిరోజే ఊరికి తెలుస్తుంది. దాని భయం ఒక్క నిప్పే, కాని నాలుగింతలు. పరవాలేదు, మా మొదటి ముగ్గురికీ నిప్పంటే లెక్కలేదు. హీట్రాన్ అయితే, దానికున్న ఒక గుణం వల్ల, నిప్పు తగిలితే ఇంకా వేడెక్కి బలపడుతుంది.

ఐదోది బ్లిసీ. గులాబీ రంగులో బొద్దుగా, కడుపు దగ్గర గుడ్డుతో ఉంటుంది. దాని ప్రాణం లెక్క 255, అంత ప్రాణం ఇంకే జీవికీ లేదట. దెబ్బ కొట్టడం మాత్రం రాదు. నిప్పు, కరెంటు, మంచు లాంటివి దూరం నుంచి ఎన్ని విసిరినా నిలబడుతుంది. ఒక విద్యతో తన ప్రాణంలో సగం తిరిగి తెచ్చుకుంటుంది. మీద పడి కొట్టే దెబ్బలకే మెత్తన. ఆ ఓర్పు లెక్క పదే పది. అందుకని పాయింట్లు అక్కడ పెట్టాలి. ఉన్నదాన్ని ఇంకా పెంచడం ఒక పద్ధతి, లేనిచోట ఆనించడం ఇంకో పద్ధతి. నేను 85 చొప్పున పంచింది ఏ పద్ధతీ కాదు.

ఆరోది గెంగార్, ముదురు ఊదా రంగు నవ్వు మొహం దయ్యం. వేగం దాని ఆస్తి. బ్లిసీకి గిట్టనిది ఒక్క కుస్తీ దెబ్బే, దయ్యానికి కుస్తీ తగలనే తగలదు. దయ్యానికి ఇంకో దయ్యం దెబ్బ గిట్టదు, బ్లిసీకి అది సున్నా. ఎంత చక్కగా సరిపోయిందో చూడండి. ఒకటి ఎవరినీ కొట్టలేనిది, ఒకటి గట్టి దెబ్బ రెండు తట్టుకోలేనిది. కలిసి ఆడితే ఇద్దరూ బతుకుతారు.

వేగం గురించి ఒక్క మాట. గార్చాంప్ వేగం 102, చారిజార్డ్ వేగం 100. రెండంటే రెండే తేడా. పాయింట్లు ఇద్దరూ సమానంగా పెట్టుకుంటే ప్రతిసారీ గార్చాంపే ముందు కొడుతుంది. 100 దగ్గర ఆగిపోయిన జీవులు చాలానే ఉన్నాయట, వాటన్నిటికంటే ఇది ఒక అడుగు ముందు. పాయింట్లు ఎక్కడ పెట్టాలో లెక్కేయడం అందుకే. ఇవిగాక 25 స్వభావాలున్నాయి. వాటిలో చాలావరకు ఒక గుణాన్ని పదోవంతు పెంచి ఇంకోదాన్ని పదోవంతు తగ్గిస్తాయి. ఏదీ ఊరికే రాదు. చేతిలో పట్టుకునే వస్తువు కూడా ఒక్కటే. మిగిలిన అన్నం లాంటిది ఒకటుంది, అది పట్టుకుంటే ప్రతి వంతుకూ పదహారోవంతు ప్రాణం తిరిగి వస్తుంది. ఇంకో కండువా ఉంది, వేగాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తుంది, కాని వెనక్కి వెళ్లేదాకా మొదట వేసిన విద్యనే వేస్తూ ఉండాలి.

ఇప్పుడు వచ్చిన కొత్త ఆటల్లో ఒక జీవి యుద్ధం మధ్యలో ఒకసారి రకం మార్చుకునే వీలు కూడా ఉంది. "అది తర్వాత నేర్చుకో తాతా, ముందు నడక, తర్వాత ఉరుకుడు" అని వాడు దాన్ని పక్కన పెట్టించాడు.

"ఇవన్నీ సరే, చిన్నది బలమైనదాన్ని కాసిన కథ నిజంగా ఎక్కడన్న జరిగిందారా?" అని అడిగాను. వాడు 2014 సంగతి చెప్పాడు. ప్రతి ఏడూ ఈ ఆటకు ప్రపంచ పోటీ జరుగుతుంది. అందులో ఒక్కొక్కటి కాదు, ఇద్దరిద్దరు నిలబడతారు. ఆ ఏడు అమెరికాలో వాషింగ్టన్‌లో జరిగింది. దక్షిణ కొరియా కుర్రాడు సెజున్ పార్క్ జట్టులో పాచిరిసు అనే చిన్న ఉడుత ఉంది. పెద్ద పోటీలో దాన్ని ఎవరూ లెక్కచేయరు. కాని దానికి "నన్ను కొట్టు" అని ఎదుటివాళ్ల దెబ్బలను తన వైపు లాక్కునే విద్య వచ్చు. పైగా కరెంటు తగిలితే దానికి ప్రాణం పోదు, పెరుగుతుంది. అది పక్కన నిలబడితే గ్యారడాస్‌కు రావలసిన కరెంటు ఉడుత తాగేస్తుంది. ఆ జట్టుతో పార్క్ ప్రపంచ విజేత అయ్యాడు. ఉడుత గెలిచిందని కాదు, ఉడుత ఎందుకు కావాలో అతనికి తెలిసింది.

సాంచాల కార్ఖానాలో ఉన్నవాళ్లకు ఇది కొత్త మాట కాదు. వార్పింగ్ వాడు, కండెలు చుట్టేది, నేసేవాడు, జాబర్, మడతపెట్టేవాళ్లు, అందరూ ఉంటేనే చాదర్ బయటికి వస్తుంది. ఆరుగురు జాబర్లను తెచ్చి నిలబెడితే ఒక్క టవల్ కూడా రాదు. కార్ఖానాలో మనకు తెలిసినదే. ఇంటి దగ్గర మర్చిపోతాం.

వాడి మాట నాకు ఎక్కడ తగిలిందో ఇప్పుడు చెప్తాను.

1990ల్లో మా మిల్లు మూతపడిన నాటికి మా ఇంట్లోంచి నలుగురం అదే మిల్లులో ఉన్నాం. మా బాపు, మా పెద్దనాయన, నేను, నా తమ్ముడు. ఒకరు ఇంకొకరిని చేర్పించుకుంటూ పోయాం. అదే పెద్ద అదృష్టం అనుకున్నాం. ఒకే పాళీ భోంగాకు నలుగురం లేచేవాళ్లం, ఒకే రోజు నాలుగు పగార్లు వచ్చేవి. గల్లీలో మా ఇంటిని చూసి కుళ్లుకున్నవాళ్లున్నారు. గేటుకు తాళం పడ్డది ఒక్కటే, మా ఇంట్లో నాలుగు పగార్లూ ఆ ఒక్క పూటకే ఆగిపోయాయి. నలుగురం బలమైనవాళ్లమే, పని తెలిసినవాళ్లమే. ఎవరూ ఎవరినీ కాయలేకపోయాం, ఎందుకంటే అందరికీ తగిలిన దెబ్బ ఒకటే. ఆ రెండేళ్లు ఇల్లు నడిచింది మా అమ్మ, మా ఇంటామె చుట్టిన బీడీల మీద. వాళ్ల పనిని అప్పటిదాకా మేము పని అని కూడా అనలేదు. "ఆడోళ్ల చేతి ఖర్చుకు" అనేవాళ్లం.

ఇప్పుడు నా ఇద్దరు కొడుకులూ ఒకే సేటు దగ్గర టవళ్ల సాంచాల మీద ఉన్నారు. ఫలితం రాగానే మనవణ్ని కూడా అక్కడే పెట్టాలని పెద్దవాడి ఆలోచన. సేటుతో మాట కూడా అయింది. పిల్లగాడికి మాత్రం ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదవాలని ఉంది. నాకు తెలుసు. తెలిసీ నేను నోరు మెదపలేదు. కొడుకు సంసారం, కొడుకు లెక్క అనుకున్నాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర కొడుకుతో అన్నాను. "అరే, మూడోవాణ్ని సుత అక్కడనే పెడితే, నూలు ధర పెరిగినా, ఆర్డర్ ఆగినా ముగ్గురి పగారు ఒక్కనాడే ఆగుతది. మనం ఒక్కపారి చూసినం గదరా."

కొడుకు ముద్ద కలుపుతూనే అన్నాడు. "ఐటీఐ అంటే రెండేండ్లు బాపూ. రెండేండ్లు వాని పగారు ఎవరు తెస్తరు? బస్సు ఖర్చు, బుక్కులు ఎవరు పెడతరు? ఆటల మాట ఆటలకు. ఇల్లు ఆట కాదు."

వాడన్నదాంట్లో తప్పు లేదు. పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాడి లెక్క అది. నా దగ్గర జవాబు లేదు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. పొయ్యి దగ్గరినుంచి మా ఇంటామె అంది. "నేను ఇంక చుడుతనే ఉన్న గద. వాని బస్సు పైసలు నేనిస్త. పోనియ్యరాదు."

కొడుకు ఏమీ అనలేదు. మూడు రోజుల తర్వాత పిల్లగాడి ఫోటోలు, బడి కాగితాలు ఒక కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. "పో, ఫారం నింపుకొనిరా" అన్నాడు. నింపి వచ్చాం. మార్కుల వరసలో పేరు వస్తుందో రాదో ఇంకా తెలియదు. రాకపోతే ఏం చేయాలో అది కూడా మాట్లాడుకోవాలి. సాంచా పని చెడ్డదని నేను అనడం లేదు, మూడు తరాలుగా దాని అన్నమే తిన్నాం. అందరం దాని మీదే ఆనుకోవద్దు అంటున్నాను.

గుడి దగ్గర అడిగిన చెల్లెకు, ఆమె లాంటి తల్లులకు నాలుగు మాటలు. ఫోన్ లాక్కునేముందు ఒకసారి పక్కన కూర్చోండి. పైసలు వేయమనే ఆట అయితే, బ్యాంకు నంబరో ఓటీపీనో అడిగే ఆట అయితే, అప్పుడే ఆపించండి. పైసలు లేని ఆటైనా రాత్రి పదింటికి ఫోన్ గూట్లో ఉండాలి. మా ఇంట్లో ఇప్పుడు ఆ కట్టుబాటు పెట్టాం, నాకు కూడా వర్తిస్తుంది. ఎవరితోనో ఆడుతున్నప్పుడు రాత మాటల్లో బూతులు వస్తే ఆ మాటల గదిని మూసేయడం పిల్లలకు నేర్పండి. ఓడిపోయినప్పుడు పిల్లగాడు ఏం చేస్తున్నాడో చూడండి. ఫోన్ విసిరేస్తే ఆ పూటకు ఆపించండి. "నా జట్టుల ఏం తక్కువైంది" అని కాగితం తీస్తే, ఒక చాయ్ పెట్టివ్వండి.

నా మార్కు సంగతి అడగకండి. పందొమ్మిది ఆటలు ఆడాను, ఆరు గెలిచాను. మొన్న ఒకడు కరెంటు వేస్తాడని గార్చాంప్‌ను దింపితే, వాడు నా ఆలోచన కనిపెట్టి మంచు వేశాడు. నాలుగింతలు. మా మనవడు నా భుజం తట్టి "గట్లనే నేర్చుకుంటరు తాతా" అన్నాడు. వాడికి సాంచా మీద తెగిన పోగు అతకడం నేర్పినప్పుడు నేనన్న మాటే అది.

పిల్లలకు ఒక ప్రశ్న. పైన చెప్పిన మా ఆరుగురిలో ఇద్దరికి ఒకే రకం దెబ్బ గిట్టదు, ఒకరికి నాలుగింతలు, ఒకరికి రెండింతలు. ఆ రకం ఏది? ఆ దెబ్బ వస్తుందని తెలిస్తే ఎవరిని దింపాలి? మా వాడికి జవాబు తెలుసు, నాకు వెతకడానికి అరగంట పట్టింది. రాసి పంపండి. వచ్చే నెల పాళీ అయినంక మాట్లాడుకుందాం.